కామర్స్ విద్యార్థులకు ఏఐ అక్షరాస్యత: అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీకాం, బీబీఏ, ఎంబీఏ తరగతుల్లో కృత్రిమ మేధ (ఏఐ) గురించి బోధించవలసి వచ్చి, తాము మాత్రం కంప్యూటర్ సైన్స్ చదవని అధ్యాపకుల కోసం ఈ ప్రశ్నోత్తరాలను సిద్ధం చేశాము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని సాధారణ డిగ్రీ కళాశాలల పరిస్థితులను దృష్టిలో పెట్టుకొని ఈ సమాధానాలు రాశాము. ఎంబీఏ తరగతులకు ఉదాహరణల స్థాయి కొంత పెంచుకుంటే సరిపోతుంది.

ఏఐ అక్షరాస్యత అంటే ఏమిటి? కోడింగ్ నేర్పించాలా?

కోడింగ్ అవసరం లేదు. ఒక ఏఐ పరికరం ఇచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోగలగడం, దాన్ని ఏ పనికి వాడకూడదో తెలిసి ఉండడం, దానివల్ల తప్పు జరిగితే బాధ్యత ఎవరిదో చెప్పగలగడం, ఈ మూడూ వస్తే కామర్స్ విద్యార్థికి ఏఐ అక్షరాస్యత వచ్చినట్టే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటానన్న విద్యార్థిని ఆపనక్కరలేదు గానీ, దాన్ని అందరికీ తప్పనిసరి చేస్తే తరగతిలో సగం మంది సింటాక్స్ తప్పుల దగ్గరే ఆగిపోతారు, అసలు విషయం పక్కకు పోతుంది.

ఈ విషయంలో కామర్స్ విద్యార్థులు ఇంజినీరింగ్ విద్యార్థులకంటే ఒక అడుగు ముందే ఉన్నారని నా అభిప్రాయం. ఆడిటింగ్ పేపర్ చదివిన వారికి వోచింగ్ అంటే తెలుసు. పుస్తకంలో ఒక ఎంట్రీ ఉందంటే దాని వెనక బిల్లో రసీదో ఉండాలి, అది లేకపోతే ఆ ఎంట్రీ ఎంత చక్కగా రాసి ఉన్నా ఆడిటర్ ఒప్పుకోడు. చాట్‌బాట్ రాసిచ్చిన ప్రతి వాక్యాన్నీ ఆడిట్ కాని లెక్కగా చూసి, దానికి వోచర్ అడగడమే ఈ కోర్సులో నేర్పవలసిన అలవాటు. కింది సమాధానాలన్నీ దాదాపుగా ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తాయి.

టెక్నికల్ కాని విద్యార్థులకు ఇప్పుడే దీని అవసరం ఏమొచ్చింది?

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న విడుదలైంది. అంతకుముందు ఏఐ అనేది బ్యాంకు రుణ విభాగంలోనో ఈ-కామర్స్ సంస్థ సర్వర్లలోనో కనబడకుండా పనిచేసేది, గుమస్తాకు గానీ మేనేజరుకు గానీ దాన్ని నేరుగా తాకే అవసరం ఉండేది కాదు. ఇప్పుడు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, కస్టమరుకు ఉత్తరం రాయడానికో, పాతిక పేజీల ఒప్పందాన్ని ఒక పేజీకి కుదించడానికో ఎవరో ఒకరు దాన్ని తెరుస్తున్నారు.

నియంత్రణ సంస్థలు కూడా ఈ విషయాన్ని గుర్తించాయి. ఐరోపా సమాఖ్య ఏఐ చట్టంలోని నాలుగో అధికరణం, ఏఐని తయారుచేసే, వాడే సంస్థలు తమ సిబ్బందికి తగినంత ఏఐ అక్షరాస్యత ఉండేలా చూడాలని చెబుతుంది. అది 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. హైదరాబాదులో కూర్చొని ఐరోపా క్లయింట్ల లెక్కలు చూసే ఉద్యోగులకు ఇది దూరపు సంగతి కాదు. మన దగ్గర రిజర్వు బ్యాంకు నియమించిన కమిటీ, ఐఐటీ బొంబాయి ఆచార్యులు పుష్పక్ భట్టాచార్య అధ్యక్షతన, ఆర్థిక రంగంలో బాధ్యతాయుతమైన ఏఐ వాడకంపై 2025 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. డైరెక్టర్ల బోర్డు నుంచి కింది సిబ్బంది వరకు ఏఐపై శిక్షణ ఉండాలన్నది అందులో ఒక సిఫారసు.

ఈ పేపర్‌ను కంప్యూటర్స్ విభాగానికి అప్పగిస్తే సరిపోదా?

చాలా కళాశాలల్లో జరుగుతున్నది అదే, ఫలితం మాత్రం బాగుండడం లేదు. కంప్యూటర్స్ లెక్చరర్ న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మతో మొదలుపెడతారు, కామర్స్ విద్యార్థి దాన్ని బట్టీపట్టి పరీక్షలో దించేస్తాడు. చాట్‌బాట్ చెప్పిన తరుగుదల లెక్క సరైనదో కాదో చెప్పగలిగినది అకౌంటెన్సీ లెక్చరరే గనుక కోర్సు కామర్స్ విభాగం చేతిలోనే ఉండాలి. కంప్యూటర్స్ విభాగం నుంచి రెండు మూడు అతిథి ఉపన్యాసాలు తీసుకుంటే చాలు.

చాట్‌బాట్ ఎలా పనిచేస్తుందో గణితం లేకుండా ఎలా వివరించాలి?

ఇప్పటివరకు వచ్చిన మాటలను బట్టి తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అంచనా వేస్తూ, ఒక్కో ముక్కే చేర్చుకుంటూ పోయే యంత్రం అది అని చెప్పండి. కోట్ల కొద్దీ పేజీలు చదివి ఆ అంచనాలు వేయడం నేర్చుకుంది. అది చదివిన పాఠానికి ఒక ముగింపు తేదీ ఉంటుంది, ఆ తర్వాత లోకంలో మారినవి దానికి తెలియవు. ఇంతకు మించి మొదటి గంటలో ఏమీ చెప్పనక్కరలేదు. చెప్పినదాన్ని వెంటనే చూపించాలి.

చూపించడానికి జీఎస్టీకంటే మంచి పాఠం దొరకదు. కొబ్బరినూనె అనకుండా, స్పష్టంగా హెయిర్ ఆయిల్ అని చెప్పి, దానిపై జీఎస్టీ ఎంత అని ఇంటర్నెట్ వెతుకులాట ఆపేసిన చాట్‌బాట్‌ను అడగండి. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారాయి. అప్పటివరకు 18 శాతం ఉన్న హెయిర్ ఆయిల్, షాంపూ, టూత్‌పేస్టు 5 శాతంలోకి వచ్చాయి. అంతకుముందే చదువు ఆగిపోయిన మోడల్, అంటే చాట్‌బాట్ వెనక ఉన్న ఆ అంచనాల యంత్రం, ఏమాత్రం తడబడకుండా 18 అంటుంది. ఆ తడబాటు లేకపోవడాన్నే విద్యార్థులు గమనించాలి. తెలియని విషయం చెప్పేటప్పుడు మనిషి గొంతు మారుతుంది, దీని ధోరణి మాత్రం మారదు.

తర్వాత రెండు ఇన్‌వాయిస్‌లు ఇవ్వండి. ఒకటి 2025 సెప్టెంబరు 10 నాటిది, రెండోది అక్టోబరు 10 నాటిది. రెండింటిలోనూ అదే దుకాణం, అదే సరుకు ఉండాలి. పన్ను లెక్కకట్టమని ముందు విద్యార్థులను అడిగి, ఆ తర్వాత చాట్‌బాట్‌ను అడగాలి. మొదటిదానికి 18, రెండోదానికి 5 అని వేరువేరుగా పట్టుకుందా, లేక రెండింటికీ ఒకటే రేటు వేసిందా అని పోల్చాలి. చివరగా ఇంటర్నెట్ వెతుకులాటను తెరిచి మళ్లీ అడిగి, అది చూపించిన లింకును నిజంగా తెరవమనాలి. ఆ లింకు కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు నోటిఫికేషనుదా, ఎవరో రాసుకున్న వ్యాసందా అన్నదే వోచర్ పరీక్ష. కొత్త మోడళ్లు ఈ రేటు మార్పును చదివేసి వస్తాయి కాబట్టి, అలాంటి ఏడాదిలో అప్పటికి తాజాగా మారిన మరో నిబంధనను ఎంచుకోండి. మన పన్ను చట్టాల్లో అలాంటి వాటికి కొదవ ఉండదు.

చాట్‌బాట్‌తో లెక్కలు చేయించవచ్చా?

చేయించవచ్చు, అయితే ఎక్సెల్‌లో సరిచూసుకోకుండా వాడకూడదు. కొన్ని పరికరాలు లోపల ప్రోగ్రామ్ రాసుకొని లెక్క చేస్తాయి, కొన్ని మాటలను అంచనా వేసినట్టే అంకెలనూ అంచనా వేస్తాయి. ఏది ఏ దారిన వెళ్లిందో పైకి తెలియదు.

లెక్క తప్పడంకంటే ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకోవడమే పెద్ద ప్రమాదం. 5 లక్షల రూపాయల రుణం, 10 శాతం వడ్డీ, 5 ఏళ్ల గడువు, నెలసరి వాయిదా ఎంత అని అడిగితే, అది సాధారణంగా తగ్గే బాకీ మీద వడ్డీ కట్టి సుమారు 10,624 రూపాయలు అంటుంది. ఎక్సెల్‌లో పీఎంటీ ఫార్ములా కూడా అంతే ఇస్తుంది. కానీ ఊళ్లోని ఆటో ఫైనాన్స్ వాళ్లు 10 శాతం అన్నప్పుడు తరచుగా వారి ఉద్దేశం ఫ్లాట్ రేటు. అంటే తీరిన బాకీని తగ్గించకుండా మొత్తం 5 లక్షల మీదే ఐదేళ్లకు రెండున్నర లక్షల వడ్డీ, మొత్తం ఏడున్నర లక్షలు, నెలకు 12,500 రూపాయలు. రెండు లెక్కలూ అంకగణితపరంగా తప్పులేనివే. ఏ లెక్క కావాలో అడిగినవాడు చెప్పలేదు, చాట్‌బాట్ తిరిగి అడగలేదు. నెలకు దాదాపు 1,900 రూపాయల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విద్యార్థులే కనిపెట్టేలా తరగతి నడిపితే, ప్రశ్న ఎలా వేయాలన్నది వేరే పాఠంగా చెప్పనక్కరలేదు.

మరి ప్రాంప్ట్ ఇంజినీరింగ్ (చాట్‌బాట్‌ను అడిగే తీరుకు మెరుగులు దిద్దడం) అంటున్నారే, అది నేర్పాలా?

ఒక గంట కేటాయించండి, అంతకంటే వద్దు. సందర్భం చెప్పడం, కావలసిన రూపం చెప్పడం, ఒక నమూనా ఇవ్వడం అనే మూడు మెలకువలకు మించి నిలిచే విషయం అందులో పెద్దగా లేదు. సర్టిఫికెట్లు అమ్మే వాళ్లు దీన్ని అవసరానికి మించి పెద్దది చేసి చూపిస్తున్నారు.

గణాంకాలు ఎంతవరకు అవసరం?

శాతాలు, సగటు, కొంచెం సంభావ్యత ఉంటే చాలు. బీకాంలో బిజినెస్ స్టాటిస్టిక్స్ చదివిన వారికి ఇవి కొత్త కావు. అయితే ఒక విషయం మీద మాత్రం తొందర లేకుండా రెండు మూడు గంటలు గడపమని గట్టిగా సూచిస్తాను. ఏదైనా సంస్థ తన ఏఐ ఉత్పత్తిని అమ్ముతూ మాది 96 శాతం కచ్చితమైనది అన్నప్పుడు దాని అర్థమేమిటన్నదే ఆ విషయం.

బోర్డు మీద ఈ ఊహాజనిత లెక్క వేయండి. ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర 1,000 రుణ దరఖాస్తులున్నాయి. అందులో 40 మంది చివరికి ఎగ్గొడతారు, 960 మంది సక్రమంగా కడతారు. మొదటి మోడల్ ఏమీ ఆలోచించకుండా అందరూ కడతారు అంటుంది. అది 960 మంది విషయంలో నిజమైంది కనుక దాని కచ్చితత్వం 96 శాతం, కానీ అది పట్టుకున్న ఎగవేతదారులు సున్నా. రెండో మోడల్ 100 మందిని అనుమానిస్తుంది. వారిలో 30 మంది నిజంగానే ఎగ్గొట్టేవారు, 70 మంది నిక్షేపంగా కట్టేవారు. మిగిలిన 10 మంది ఎగవేతదారులు దానికి దొరకలేదు. దీని కచ్చితత్వం 92 శాతమే.

ఏది కొనాలని తరగతిని అడిగితే మొదట చాలా చేతులు 96 వైపే లేస్తాయి. అప్పుడు డబ్బు లెక్కలోకి తీసుకురండి. ఒక ఎగవేతకు 50,000 రూపాయల నష్టం, ఒక మంచి కస్టమరును తిప్పి పంపితే 4,000 రూపాయల లాభం పోతుంది అనుకుందాం. మొదటి మోడల్‌తో నష్టం 20 లక్షలు. రెండోదానితో 10 ఎగవేతలకు 5 లక్షలు, 70 మంది మంచి కస్టమర్లకు 2 లక్షల 80 వేలు, మొత్తం 7 లక్షల 80 వేలు. ఇప్పుడు చేతులు రెండో వైపు మారతాయి. అక్కడితో ఆగకుండా, మంచి కస్టమరు మీద వచ్చే లాభాన్ని 25,000 చేసి మళ్లీ వేయమనండి. రెండో మోడల్ నష్టం 22 లక్షల 50 వేలకు చేరి, ఏమీ ఆలోచించని మొదటి మోడలే నయమనిపిస్తుంది. మోడల్‌లో ఏమీ మారలేదు, వ్యాపారమే మారింది. ఏ తప్పు ఎంత ఖరీదైనదో చెప్పవలసినది ప్రోగ్రామర్ కాదు, వ్యాపారం తెలిసిన మనిషి అని విద్యార్థులకు అప్పుడు అర్థమవుతుంది, తమకు ఈ కోర్సుతో పని ఉందన్న నమ్మకమూ కలుగుతుంది.

తర్వాత ఆ 70 మంది గురించి అడగండి. వారు ఏ తప్పూ చేయలేదు. మీకు రుణం ఎందుకు రాలేదో వారికి ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు? ఈ ప్రశ్నకు మార్కులు ఇచ్చే సమాధానం లేదు, అయినా చర్చ జరగాలి.

తరగతిలో ఏ నిజమైన ఉదంతాలు చర్చించాలి?

మన చేతికి అందేంత దగ్గరలో ఉన్నది తెలంగాణ ప్రభుత్వం వాడిన సమగ్ర వేదిక. వివిధ శాఖల రికార్డులను పేరు, చిరునామా వంటి వివరాలతో జతచేసి ఒక్కో కుటుంబం స్థితిగతులను చూపే వ్యవస్థ అది. ఆహార భద్రతా కార్డుల ఏరివేతలో దాన్ని వాడారు. లక్షల సంఖ్యలో కార్డులు రద్దయ్యాయి. చాలా మందికి ముందస్తు నోటీసు కూడా అందలేదు. రిక్షా తొక్కి బతికిన ఒక హైదరాబాదీ కుటుంబాన్ని, అదే తరహా పేరున్న మరొకరి కారు రికార్డుతో జతచేసి, కారున్నవారిగా లెక్కవేసి కార్డు తీసేసిన ఉదంతం 2024 జనవరిలో వచ్చిన పరిశోధనాత్మక కథనాల్లో వెలుగుచూసింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది.

దీన్ని చెప్పి వదిలేయకుండా ఒక అభ్యాసం చేయించండి. తరగతిలోని విద్యార్థుల పేర్లను ఇద్దరు వేరువేరుగా ఇంగ్లీషులో టైపు చేయాలి, ఒకరి జాబితా మరొకరు చూడకూడదు. ఎక్సెల్‌లో వీలుకప్ ఫార్ములా పెట్టి రెండు జాబితాలనూ జతచేయాలి. లక్ష్మిని ఒకరు ఎక్స్‌తోనూ మరొకరు కేఎస్‌హెచ్‌తోనూ రాస్తారు. ఇంటిపేరును ఒకరు ముందు పెడతారు, మరొకరు చివర పెడతారు, ఇంకొకరు ఒక్క అక్షరానికి కుదించేస్తారు. తమ తరగతిలోనే ఎన్ని పేర్లు జతపడలేదో, ఏ ఇద్దరు సాయికిరణ్‌లు ఒకరిగా కలిసిపోయారో చూసిన తర్వాత, కస్టమర్ల డేటాబేస్‌లు కలిపేటప్పుడు బ్యాంకులకు వచ్చే సమస్య ఏమిటో విడమరచి చెప్పవలసిన పని ఉండదు.

బాధ్యత ఎవరిదన్న అంశానికి ఎయిర్ కెనడా కేసు సరిపోతుంది. కుటుంబంలో మరణం సంభవించి ప్రయాణిస్తున్న వ్యక్తికి ఆ సంస్థ వెబ్‌సైటులోని చాట్‌బాట్, టికెట్ కొన్న తర్వాత 90 రోజుల్లోపు రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పింది. సంస్థ నిబంధన మాత్రం అలా లేదు. చాట్‌బాట్ చేసిన పనికి దానిదే బాధ్యత అన్న ధోరణిలో సంస్థ వాదించగా, బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదనను తోసిపుచ్చి, సంస్థే పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. మొత్తం వెయ్యి కెనడా డాలర్లలోపే. బిజినెస్ లా చెప్పే లెక్చరర్ ఏజెన్సీ అధ్యాయంలోనే, ప్రిన్సిపల్ (ఏజెంటును పెట్టుకున్నవారు) బాధ్యత చెప్పేచోట దీన్ని చేర్చుకోవచ్చు.

నియామకాల విషయంలో అమెజాన్ అనుభవాన్ని తీసుకోండి. పదేళ్లపాటు తనకు వచ్చిన రెజ్యూమేలతో శిక్షణ ఇచ్చిన ప్రయోగాత్మక పరికరం, ఆ రెజ్యూమేల్లో ఎక్కువ భాగం పురుషులవే కావడంతో, మహిళల అన్న అర్థమిచ్చే మాట కనబడితే మార్కులు తగ్గించడం నేర్చుకుందని, సంస్థ దాన్ని పక్కన పెట్టేసిందని రాయిటర్స్ 2018 అక్టోబరులో వెల్లడించింది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివిన అమ్మాయి రెజ్యూమే అలాంటి పరికరం ముందుకు వెళ్తే ఏమవుతుందని అడిగితే చాలు, ఆ తర్వాత తరగతి తనంతట తానే మాట్లాడుతుంది.

కన్సల్టింగ్ ఉద్యోగాల మీద మోజున్న ఎంబీఏ వారికి డెలాయిట్ ఉదంతం చెప్పండి. ఆస్ట్రేలియా ప్రభుత్వానికి సుమారు 4 లక్షల 40 వేల ఆస్ట్రేలియా డాలర్లకు ఇచ్చిన నివేదికలో లేని పరిశోధన పత్రాలు, కోర్టు తీర్పులో లేని ఉటంకింపు దొర్లాయి. నివేదిక తయారీలో ఏఐ వాడినట్టు సవరించిన ప్రతిలో తెలిపిన సంస్థ, 2025 అక్టోబరులో కొంత మొత్తం తిరిగి ఇవ్వడానికి అంగీకరించింది. ప్రతి ఫుట్‌నోటునూ ఒక జూనియర్ ఉద్యోగి తెరిచి చూసి ఉంటే ఆ రచ్చ జరిగేది కాదు, ఆ జూనియర్ ఉద్యోగమే రేపు మన విద్యార్థులు చేరబోయేది.

ఇళ్ల ధరల అంచనాలో దెబ్బతిని ఇళ్లు కొని అమ్మే తన వ్యాపారాన్నే 2021లో మూసేసుకున్న అమెరికా సంస్థ జిల్లో కథ పాఠ్యపుస్తకాల్లో ప్రసిద్ధమే గానీ, అమెరికా ఇళ్ల మార్కెట్ ఎలా నడుస్తుందో చెప్పడానికే ఒక గంట పోతుంది. సమయముంటేనే తీసుకోండి.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థుల మాటేమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారినా, ఇంటర్ వరకు తెలుగులో చదివిన వారు తరగతిలో ఎందరో ఉంటారు. వారు చాట్‌బాట్‌ను తెలుగులోనే అడగనివ్వండి, దాంట్లో చిన్నతనమేమీ లేదు. అయితే ఆ మోడళ్లు చదివిన పాఠంలో తెలుగు వాటా చాలా తక్కువన్న సంగతి వారికి తెలియాలి. పాఠాన్ని టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి చదవడంలోనూ ఈ తేడా కనబడుతుంది. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్‌ను ప్రకటిస్తూ చాట్‌జీపీటీ తయారీ సంస్థ ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, ఒక చిన్న తెలుగు పాఠానికి పాత పద్ధతిలో 159 టోకెన్లు పట్టగా కొత్త పద్ధతిలో 45కు తగ్గాయి. టోకెన్ల లెక్కన డబ్బు కట్టి ఈ సేవలను వాడుకునే వ్యాపారానికి ఇది నేరుగా ఖర్చు లెక్క. తెలుగు కస్టమర్ల కోసం చాట్‌బాట్ పెట్టాలనుకునే సంస్థ బడ్జెట్‌లో ఈ అంకె ఉండాలి.

ఒకే ప్రశ్నను ఇంగ్లీషులో ఒకసారి, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అంటూ వాడుక తెలుగులో ఒకసారి, ఆవర్జా, అంకణా అంటూ పాఠ్యపుస్తకాల తెలుగులో ఒకసారి అడిగించి మూడు సమాధానాలనూ పక్కపక్కన పెట్టమనండి. ఎక్కడ వివరం తగ్గిందో, ఎక్కడ అర్థం మారిందో పట్టుకోవడంలో తెలుగు మాధ్యమం విద్యార్థే ముందుంటాడు.

కంప్యూటర్ ల్యాబ్ సరిగా లేని కళాశాలలో ఎలా?

పైన చెప్పిన అభ్యాసాల్లో రుణాల లెక్కకు సుద్దముక్క, నల్లబల్ల చాలు. మిగిలినవాటికి ముందురోజే అధ్యాపకుడు చాట్‌బాట్ సమాధానాలను ప్రింటు తీసి తెచ్చి పంచవచ్చు. నిజానికి కాగితం మీద ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దించడం, ఫోన్‌లో చూపించడంకంటే బాగా పనిచేస్తుంది. విద్యార్థుల ఫోన్లనే వాడుకుంటే జట్టుకు ఒక ఫోన్ సరిపోతుంది.

అసైన్‌మెంట్లన్నీ చాట్‌బాట్‌తో రాయించుకొస్తున్నారు. ఏఐ డిటెక్టర్ వాడి పట్టుకోవచ్చా?

డిటెక్టర్ ఇచ్చిన శాతాన్ని ఆధారంగా చేసుకొని ఏ విద్యార్థినీ శిక్షించకూడదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐయే తన సొంత డిటెక్టర్‌ను, కచ్చితత్వం తక్కువగా ఉందని చెప్పి 2023 జులైలో ఉపసంహరించుకుంది. అది పనిచేస్తున్నప్పుడు కూడా ఏఐ రాసిన పాఠంలో 26 శాతాన్నే పట్టుకోగలిగింది, మనుషులు రాసినదాన్ని 9 శాతం మేర ఏఐ రాతగా పొరబడింది. 60 మంది ఉన్న తరగతిలో తొమ్మిది శాతమంటే ఐదారుగురు నిరపరాధులు. రుణాల లెక్కలోని ఆ 70 మంది ఇక్కడ మన విద్యార్థులే అవుతారు.

దానికి బదులు అసైన్‌మెంటునే మార్చండి. చాట్‌బాట్ వాడవచ్చని ముందే చెప్పి, అది ఇచ్చిన మొదటి సమాధానాన్ని, విద్యార్థి చేసిన దిద్దుబాట్లను, ప్రతి అంకెకూ తాను చూసిన ఆధారాన్ని కలిపి సమర్పించమనాలి. ఆపైన ఐదు నిమిషాల మౌఖిక పరీక్ష. తాను సమర్పించిన కాగితంలోని ఒక అంకె ఎక్కడిదో చెప్పలేనివాడికి మార్కులు తగ్గుతాయి, దానికి డిటెక్టర్ అవసరం లేదు. పెద్ద తరగతుల్లో అందరినీ పిలవడం కష్టమే. రోల్ నంబర్లు చీటీలు వేసి వారానికి కొందరిని పిలిస్తే, ఎవరి వంతు వస్తుందో తెలియక అందరూ చదువుకొని వస్తారు.

ఇంటర్న్‌షిప్‌లో దొరికిన కంపెనీ డేటాను చాట్‌బాట్‌లో పెట్టవచ్చా?

కంపెనీ రాతపూర్వకంగా అనుమతించని పక్షంలో పెట్టకూడదు. పేర్లు, ఫోన్ నంబర్లు, పాన్, ఖాతా వివరాలు ఉన్న ఫైలును ఉచిత చాట్‌బాట్‌లో అతికించడమంటే ఆ డేటాను బయటి సంస్థకు అందజేయడమే. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటాను కాపాడడంలో విఫలమైన సంస్థకు గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. విద్యార్థులకు ఒక పని నేర్పించండి: ఎక్సెల్ ఫైలులో పేర్ల వరుస తీసేసి క్రమసంఖ్యలు పెట్టడం, ఖాతా నంబర్ల వరుసను తొలగించడం, అవసరంలేని తేదీలను నెలకు కుదించడం. పది నిమిషాల పని, కానీ అడిగితే తప్ప ఎవరూ చేయరు.

మా ఉద్యోగాలు పోతాయా అని విద్యార్థులు అడిగితే ఏం చెప్పాలి?

భయపెట్టవద్దు, బుజ్జగించవద్దు. ఇన్‌వాయిస్‌ల నమోదు, బ్యాంక్ రీకన్సిలియేషన్‌లో ఎంట్రీలు జతచేయడం, మామూలు ఉత్తరాల చిత్తుప్రతులు వంటి పనులు సాఫ్ట్‌వేర్‌కు వెళ్తున్నాయన్నది కళ్ల ముందు కనబడుతున్న నిజం. కొత్తగా చేరినవారు పని నేర్చుకునేది సరిగ్గా ఆ పనుల ద్వారానే గనుక ఈ ప్రశ్న తేలికైనది కాదు, దాన్ని తేలికచేసి మాట్లాడితే విద్యార్థులు నమ్మరు.

అదే సమయంలో సంతకం ఎవరిదన్నది చూపించండి. చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే సర్టిఫికెట్లకు 2019 ఫిబ్రవరి 1 నుంచి యూడీఐఎన్ అనే ప్రత్యేక సంఖ్య తప్పనిసరి. ఆ సంఖ్యను సభ్యత్వమున్న మనిషే తన పేరుమీద తీసుకోవాలి, సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వరు. లెక్క యంత్రం చేసినా, తప్పయితే క్రమశిక్షణ సంఘం ముందుకు వెళ్లేది మనిషే. సరిచూసి సంతకం పెట్టగల స్థాయికి ఎంత త్వరగా చేరాలన్నదే మన విద్యార్థి ముందున్న పని.

ఎన్ని గంటలు కేటాయించాలి, సిలబస్ ఏడాదికే పాతబడిపోదా?

రెండు క్రెడిట్ల కోర్సుగా పెడితే 30 గంటలు వస్తాయి. అందులో సగం, సరిచూసే అభ్యాసాలకే పోవాలి. విడిగా కోర్సు పెట్టడానికి అనుమతి రాకపోతే, ఆడిటింగ్, బిజినెస్ లా, స్టాటిస్టిక్స్, కాస్టింగ్ పేపర్లలో ఒక్కోదానిలో నాలుగైదు గంటలు చొప్పించండి. నాకైతే ఈ రెండో పద్ధతే మెరుగనిపిస్తుంది, కాకపోతే నలుగురు లెక్చరర్లు ఒక మాటమీద నిలబడాలి, అది అన్ని కళాశాలల్లో సాధ్యపడదు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఆమోదానికి పంపే సిలబస్‌లో ఏ పరికరం పేరూ రాయకండి. ఆధారం సరిచూడడం, తప్పుల ఖరీదు లెక్కకట్టడం, డేటా గోప్యత, బాధ్యత నిర్ణయించడం అని మాత్రమే రాసి, పరికరాలు, ఉదంతాల జాబితాను ఏటా విభాగమే మార్చుకునే అనుబంధంగా ఉంచుకుంటే మూడేళ్లవరకు మళ్లీ ఆమోదం కోసం తిరగనక్కరలేదు.

సెమిస్టర్ చివరి పరీక్షలో ఏమి అడగాలి?

కృత్రిమ మేధను నిర్వచించి దాని లక్షణాలు రాయుము అన్న ప్రశ్న మాత్రం వద్దు. దానికి సమాధానం రాసిపెట్టడానికి చాట్‌బాట్‌కు క్షణం చాలు. ప్రశ్నపత్రంతో పాటు ఒక పేజీ చాట్‌బాట్ సమాధానాన్ని అచ్చువేసి ఇవ్వండి. ఉదాహరణకు, ఒక చిన్న వ్యాపారికి జీఎస్టీ, రుణ వాయిదాలపై ఇచ్చిన సలహా కావచ్చు. అందులో పాతబడిన రేటు ఒకటి, ఫ్లాట్ రేటును తగ్గే బాకీ రేటుగా పొరబడిన లెక్క ఒకటి, లేని తీర్పు ఉటంకింపు ఒకటి ఉండాలి. ఏ నోటిఫికేషను, ఏ నిబంధన చూస్తే అవి బయటపడతాయో విద్యార్థి రాయాలి. అందుకు అవసరమైన రేట్ల పట్టికను, తీర్పుల సూచికను హాలులోనే ఇవ్వవచ్చు. దిద్దేటప్పుడు తప్పును గుర్తించినందుకు సగం, ఆధారం చూపినందుకు సగం మార్కులు వేయండి; సరిగా ఉన్న వాక్యాన్ని తప్పు అన్నవారికి కొంత కోత పెట్టండి, లేకపోతే ప్రతి పంక్తికీ ఎర్రగీత గీసి వెళ్లిపోతారు.